సైనిక పింఛనులో విడాకులు పొందిన భార్యకు వాటా ఉందా?

మాజీ సైనికుని నుంచి విడాకులు పొందితే అతని పింఛనులో సగం తమకు వస్తుందని కొందరు మహిళలు భావిస్తుంటారు. మన దేశ చట్టాలలో అటువంటి పంపకం లేదు. పింఛను సైనికుని పేరిటే కొనసాగుతుంది. విడాకులు పొందిన భార్యకు దక్కేది మనోవర్తి హక్కు.

హిందూ వివాహ చట్టం, 1955లోని 25వ సెక్షన్ కింద ఆమె శాశ్వత భరణం కోరవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ ప్రకారం, పునర్వివాహం చేసుకోని, స్వయంగా పోషించుకోలేని మహిళ విడాకుల తరువాత కూడా నెలవారీ మనోవర్తికి దరఖాస్తు చేయవచ్చు. భరణం నిర్ణయించేటప్పుడు న్యాయస్థానం పింఛనును భర్త ఆదాయంగా పరిగణిస్తుంది.

భర్త మరణానంతరం లభించే కుటుంబ పింఛను మాత్రం విడాకులు పొందిన భార్యకు రాదు. అతడు మళ్లీ చట్టబద్ధంగా వివాహం చేసుకుంటే, ఆ హక్కు రెండో భార్యకు చెందుతుంది. మొదటి వివాహం వల్ల కలిగిన పిల్లల అర్హత తల్లిదండ్రుల విడాకులతో రద్దు కాదు. విడాకులు తీసుకోకుండా కేవలం వేరుగా నివసిస్తున్న మహిళ చట్టరీత్యా భార్యగానే కొనసాగుతుంది.

అందువల్ల పరస్పర అంగీకార విడాకుల పత్రాలపై సంతకం చేసే ముందే భరణం మొత్తాన్ని, చెల్లింపు విధానాన్ని స్పష్టంగా రాయించుకోవడం అవసరం. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.