60 మందిని దీవిలో వదిలేసి వెళ్ళారు... 15 ఏళ్ళు ఎవరూ కాపాడలేదు!

దీవిలో చిక్కుకుపోయిన మనిషి కథ అనగానే మనకి గుర్తొచ్చే పేరు రాబిన్సన్ క్రూసో. స్కూల్లో నాన్ డీటెయిల్‌గా చదువుకున్నవాళ్ళు ఉంటారు. 1719లో వచ్చిన ఆ నవలకి ప్రేరణ అంటారే, అలెగ్జాండర్ సెల్కిర్క్, అతను నాలుగేళ్ళ నాలుగు నెలలు దీవిలో ఒంటరిగా ఉన్నాడు. నిజమే, గొప్ప కథే. కానీ సెల్కిర్క్ ఓడ మునిగి దీవికి చేరినవాడు కాదు. ఈ ఓడ పనికిరాదు, నన్ను ఇక్కడే దించేయండి అని కెప్టెన్‌తో గొడవపడి తనే దిగాడు.

ఇక నవలలో క్రూసో ఓడ ఎందుకు మునిగిందో గుర్తుందా? చాలామందికి ఉండదు. నాకూ లేదు, ఈ ఎపిసోడ్ కోసం మళ్ళీ చదివితే తెలిసింది. బ్రెజిల్ నుంచి ఆఫ్రికాకి బానిసల్ని తెచ్చుకోవడానికి బయల్దేరి, ఆ దారిలో మునిగాడు మన హీరో! మరి ఆ బానిసలే దీవిలో చిక్కుకుపోతే? అలాంటిది నిజంగా జరిగింది. నాకు తెలిసిన సముద్ర కథలన్నిట్లో నన్ను ఎక్కువ రోజులు వదలనిది ఇదే.

మ్యాప్ ఓపెన్ చేసి చూడండి. ఆఫ్రికా పక్కన పెద్ద దీవి మడగాస్కర్. దానికి తూర్పున 450 కిలోమీటర్ల దూరంలో, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని చోట, ఒక చుక్క. బాగా జూమ్ చేస్తే గానీ కనపడదు. దాని పేరు ఇప్పుడు ట్రోమెలిన్. అప్పట్లో ఇసుక దీవి అనేవాళ్ళు. మొత్తం కలిపి చదరపు కిలోమీటరు ఉంటుందేమో. ఎంత ఎత్తున్న చోటైనా ఏడు మీటర్లే, అంటే మన రెండంతస్తుల మేడంత. చెట్లు లేవు, పొదలే. తుపాను వస్తే దాక్కోవడానికి ఏమీ లేదు.

1760 నవంబర్‌లో ఫ్రాన్స్‌లోని బయోన్ రేవు నుంచి లూటిల్ అనే ఓడ బయల్దేరింది. ఆ మాటకి అర్థం ఉపయోగపడేది అని. ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ ఓడ అది. ఏ కంపెనీ అనుకుంటున్నారా? 1757లో బుస్సీ సైన్యంతో బొబ్బిలి కోట మీదకి వచ్చింది చూడండి, ఆ ఫ్రెంచివాళ్ళ కంపెనీయే. ఆ కాలంలో ఇంగ్లిష్‌వాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ ప్రపంచమంతా యుద్ధం. 1759లో మచిలీపట్నం, 1761 జనవరిలో పాండిచ్చేరి, రెండూ ఇంగ్లిష్‌వాళ్ళ చేతికి పోయాయి. ఇప్పుడు మనం మారిషస్ అంటున్న దీవి అప్పుడు ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లిష్ నౌకలు వచ్చి చుట్టుముడతాయేమో, తిండి చాలదేమో అని అక్కడి గవర్నర్‌కి భయం. కొత్తగా బానిసల్ని తీసుకురావద్దని ఆర్డర్ వేశాడు. జాలితో కాదండోయ్, తినే నోళ్ళు పెరుగుతాయని.

లూటిల్ కెప్టెన్ పేరు లా ఫార్గ్. సరుకులు తెమ్మని మడగాస్కర్ పంపితే, ఫూల్‌పాయింట్ రేవులో దొంగచాటుగా దాదాపు 160 మంది మలగసీ మనుషుల్ని కొని ఓడ అడుగున కుక్కాడు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు.

1761 జులై 31 రాత్రి. ఓడలో రెండు మ్యాపులు ఉన్నాయి, ఇసుక దీవి ఎక్కడుందో ఒక్కో మ్యాపు ఒక్కోలా చెబుతోంది. చీకట్లో నెమ్మదిగా పోదాం అన్న మాట కెప్టెన్ వినలేదు. ఓడ నేరుగా పగడపు దిబ్బకి గుద్దుకుంది.

ఇక్కడ కొంచెం ఆగుతాను. బానిసలు తిరగబడతారని రాత్రిళ్ళు ఓడ అడుగు తలుపులు మూసేసేవాళ్ళు. ఓడ పగులుతుంటే, నీళ్ళు లోపలికి వస్తుంటే, ఆ తలుపులు మూసే ఉన్నాయి. 140 మంది దాకా ఉన్న నావికుల్లో 122 మంది బతికారు. లోపల ఉన్నవాళ్ళలో సగానికి దగ్గరగా పోయారు. మిగిలినవాళ్ళు ఓడ ముక్కలైపోయాక ఆ పగుళ్ళలోంచే బయటపడ్డారు. అంటే వాళ్ళని కాపాడింది ఓడ విరిగిపోవడమే.

ఒడ్డుకి చేరాక కూడా కష్టమే. మంచినీళ్ళు లేవు. బావి తవ్వి నీళ్ళు పడేలోపు మలగసీ వాళ్ళలో కొందరు దాహంతో చనిపోయారు. ఐదు మీటర్ల లోతున కాస్త ఉప్పగా, తాగితే తాగొచ్చు అన్నట్టు నీళ్ళు పడ్డాయి. కెప్టెన్ మతి చలించి ఓ మూల కూర్చుంటే, అతని కింది అధికారి కాస్టెలాన్ అనేవాడు పగ్గాలు తీసుకున్నాడు. ఓడ చెక్కలతో కొత్త పడవ కడదాం అన్నాడు. ఫ్రెంచివాళ్ళకి ఒక గుడారం, మలగసీ వాళ్ళకి వేరే గుడారం. చెక్కలు మోసింది, చాకిరీ చేసింది మాత్రం మలగసీ వాళ్ళు కూడా.

రెండు నెలల్లో పడవ రెడీ. ఫ్రెంచివాళ్ళు 122 మందీ ఇరుక్కుని ఎక్కితే నిండిపోయింది. సెప్టెంబర్ 27న బయల్దేరారు. ఒడ్డున 60 మంది మలగసీలు మిగిలారు. వాళ్ళకి మూడు నెలల తిండి ఇచ్చి, మళ్ళీ వస్తాం, మిమ్మల్ని తీసుకెళ్తాం అని కాస్టెలాన్ మాటిచ్చాడు.

పడవ నాలుగు రోజుల్లో మడగాస్కర్ చేరింది. నాలుగే రోజులు!

కాస్టెలాన్ వెళ్ళి గవర్నర్‌ని ఓడ అడిగాడు. గవర్నర్ ఒప్పుకోలేదు. యుద్ధం ఉంది, పైగా నా ఆర్డర్ కాదని తెచ్చిన మనుషులు. ఇంగ్లిష్‌వాళ్ళ చేతిలో ఓడిపోయిన కోపం కూడా కాస్త ఇక్కడ చూపించాడేమో అని నాకనిపిస్తుంది. యుద్ధం 1763లో అయిపోయింది. అప్పుడూ ఓడ వెళ్ళలేదు. కంపెనీ దివాళా తీసింది. కాస్టెలాన్ మాత్రం విడిచిపెట్టలేదు, అడుగుతూనే ఉన్నాడు. 1772లో నౌకాశాఖ మంత్రికి రాస్తే, అప్పటికి ఓడ పంపడానికి ఒప్పుకున్నారు. ఇతన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. వదిలి వెళ్ళిందీ ఇతనే, పదకొండేళ్ళు మర్చిపోనిదీ ఇతనొక్కడే.

సరే, ఈలోపు దీవిలో ఏం జరిగింది? వాళ్ళు ఒక్క అక్షరం రాసి వదల్లేదు. కానీ ఇసుక కింద వస్తువులు వదిలారు. 2006 నుంచి 2013 దాకా మాక్స్ గెరూ, తోమా రోమాన్ అనే పురావస్తు పరిశోధకులు టీమ్‌తో నాలుగుసార్లు వెళ్ళి తవ్వారు. ఆ రిపోర్టుల్లో చదివింది చెబుతాను, నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

కొన్నాళ్ళకి గుడారాలు, చెక్క గుడిసెలు గాలికి నిలవలేదు. దాంతో వాళ్ళు పగడపు రాళ్ళు, ఒడ్డున దొరికే ఇసుకరాయి పలకలు పేర్చి గదులు కట్టారు. గోడ మందం మీటరున్నర! తుపానుకి ఆగాలి కదా. ఇందులో ఇంకో విషయం ఉంది. మడగాస్కర్ కొండ ప్రాంతాల ఆచారంలో రాతి కట్టడం చనిపోయినవాళ్ళకే. బతికున్నవాళ్ళు ఉండేది చెక్క ఇళ్ళలో, మట్టి ఇళ్ళలో. అంటే సమాధుల్లాంటి గదుల్లో కాపురం పెట్టడానికి వాళ్ళు మనసు ఒప్పించుకోవాల్సి వచ్చింది. ఆ గదులు విడివిడిగా విసిరేసినట్టు లేవు. ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో వాకిలి వదిలి ఉన్నాయి. వంటగది ఒకటి దొరికింది, గిన్నెలు బోర్లించి సర్ది పెట్టినట్టు.

ఆ గిన్నెలు రాగివి. ఓడలోంచి తీసుకున్న రాగి రేకుని కొట్టి చేసినవి. చిల్లు పడితే చిన్న రాగి ముక్క పెట్టి, మేకు లాంటిది చేసి బిగించారు. మళ్ళీ చిల్లు పడితే మళ్ళీ బిగించారు. ఒకే గిన్నె మీద అతుకు పక్కన అతుకు. మా అమ్మమ్మ ఊళ్ళో పాత్రలకి మాట్లు వేసేవాళ్ళు వచ్చేవారు, సరిగ్గా అదే పని. స్పూన్లు కూడా చేసుకున్నారు. రాగి కంకణాలు కూడా దొరికాయి. అంటే ఆ దీవిలో కూడా ఎవరో ఎవరికో నగ చేసి పెట్టారు!

తిండి అంటే సముద్రపు పక్షులు, వాటి గుడ్లు, తాబేళ్ళు. బట్టలు చిరిగిపోయాక పక్షి ఈకల్ని అల్లి కట్టుకున్నారు. చెట్లు లేవన్నాను కదా, పొయ్యికి ఓడ చెక్కలే కట్టెలు. నిప్పు ఆరిపోకుండా ఏళ్ళ తరబడి కాపాడుకున్నారు.

కొందరు తెప్ప కట్టుకుని వెళ్ళిపోయారు, వాళ్ళ జాడ తెలియలేదు. చాలామంది అక్కడే చనిపోయారు.

1775లో ఎట్టకేలకు ఒక ఓడ వచ్చింది. పేరు మిడత. అలల వల్ల దగ్గరికి రాలేక చిన్న పడవలో ఇద్దర్ని పంపింది. ఒకడు ఈదుకుంటూ దీవికి చేరాడు, రెండోవాడు ఓడకి వెనక్కి వెళ్ళాడు. వాతావరణం బాలేదని ఓడ తిరుగుముఖం పట్టింది. అంటే కాపాడటానికి వచ్చినవాడు కూడా చిక్కుకుపోయాడు! అతను తెప్ప కట్టి, ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళతో బయల్దేరాడు. వాళ్ళూ తిరిగి కనపడలేదు.

1776 నవంబర్ 29న దోఫీన్ అనే ఓడ వచ్చింది. దాని కెప్టెన్ పేరు ట్రోమెలిన్, దీవికి ఇప్పుడున్న పేరు అతనిదే. చూడండి, పదిహేనేళ్ళు అక్కడ బతికినవాళ్ళ పేరు కాదు, ఒక్కరోజు వచ్చినవాడి పేరు. ఒడ్డున ఉన్నది ఏడుగురు ఆడవాళ్ళు, ఎనిమిది నెలల బాబు. మగవాళ్ళు ఒక్కరూ లేరు.

మారిషస్ చేరాక అక్కడి పాలనాధికారి మైయార్, వీళ్ళని కొనడమే అక్రమం కాబట్టి వీళ్ళు బానిసలు కారు, స్వతంత్రులు అన్నాడు. దొంగచాటుగా కొన్న పాపమే కాగితం మీద స్వేచ్ఛ అయ్యింది. మడగాస్కర్ పంపిస్తాం అంటే ఆ ఆడవాళ్ళు వద్దన్నారు. అక్కడికి వెళ్తే మళ్ళీ ఎవరో ఒకరు అమ్మేస్తారని భయం.

బాబుకి బాప్తిస్మం ఇచ్చి జాక్ మోయిజ్ అని పేరు పెట్టారు. జాక్ అనేది మైయార్ పేరే. మోయిజ్ అంటే మోషే, నీళ్ళలోంచి తీసినవాడు. అమ్మకి ఈవ్ అని, అమ్మమ్మకి ఓడ పేరే దోఫీన్ అని పెట్టారు. మైయార్ ఆ ముగ్గుర్నీ తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఈవ్ అని పిలవబడ్డ ఆమె అసలు పేరు మాత్రం రికార్డులో మిగిలింది. సెమియావు.