రామ్ డీజిల్ పికప్ ట్రక్కుల మాన్యువల్ గేర్‌బాక్సులు

అమెరికాలో డాడ్జ్ పేరుతోనూ, తర్వాత రామ్ పేరుతోనూ అమ్ముడైన హెవీ డ్యూటీ పికప్ ట్రక్కుల్లో 1989 మోడల్ నుంచి 2018 మోడల్ దాకా కమిన్స్ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనుకు మాన్యువల్ గేర్‌బాక్సు దొరికేది. ఆ కాలంలో ప్రధానంగా నాలుగు గేర్‌బాక్సులు వచ్చాయి: గెట్రాగ్ జీ360, న్యూ వెంచర్ గేర్ కంపెనీ చేసిన ఎన్‌వీ4500, అదే కంపెనీ ఎన్‌వీ5600, చివరగా మెర్సిడెస్ జీ56. పోటీదార్లు ముందే తప్పుకున్నారు. జనరల్ మోటార్స్ తన డ్యూరామాక్స్ డీజిల్ పికప్‌లకు 2006 తర్వాత, ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 2010 మోడల్ తర్వాత మాన్యువల్ ఇవ్వడం మానేశాయి. ఈ రెండు కంపెనీలూ జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ గేర్‌బాక్సులు వాడేవి. గేరు రాడ్డుతో నడిచే హెవీ డ్యూటీ డీజిల్ పికప్ అమెరికాలో 2018 రామ్‌తో ఆగిపోయింది.

ఈ గేర్‌బాక్సులు చెక్కుచెదరవని వాడకందార్లలో గట్టి పేరుంది. ఆ పేరులో చాలావరకు నిజమే. ఇనుప పెట్టె, వెడల్పాటి పళ్లు, బరువైన షాఫ్టులు ఉన్న గేర్‌బాక్సు మామూలు వాడకంలో పళ్లు అరిగి పోవడం అరుదు. అయితే మూలనపడిన గేర్‌బాక్సుల్ని విప్పి చూస్తే కారణం తరచూ చిన్నదిగానే కనిపిస్తుంది: వదులైన నట్టు, తప్పు నూనె, చెడిపోయిన ఫ్లైవీల్, క్లచ్ మీదనుంచి తీయని కాలు.

ఇంజను బలం, గేర్‌బాక్సు ఓపిక

1989లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజను 160 హార్స్‌పవర్, సుమారు 542 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. అప్పటి ఆటోమేటిక్‌లు పెట్రోలు ఇంజన్ల కాలం నాటి డిజైనుకు వారసులు. డీజిల్ దెబ్బకు తట్టుకోవడం వాటికి కష్టమయ్యేది. అందుకే 1996–98 మోడళ్లలో మాన్యువల్ బండికి 215 హార్స్‌పవర్, సుమారు 597 న్యూటన్ మీటర్లు ఇచ్చిన కంపెనీ, ఆటోమేటిక్ బండిలో అదే ఇంజనును 180 హార్స్‌పవర్ దగ్గరే ఆపేసింది. 2001లో వచ్చిన 245 హార్స్‌పవర్, 685 న్యూటన్ మీటర్ల హై అవుట్‌పుట్ ఇంజను కూడా ఆరు గేర్ల మాన్యువల్‌తోనే దొరికింది. గట్టి బండి కావాలంటే గేరు రాడ్డు ఉన్నదే కొనాలి అన్న మాట ఆ రోజుల్లో పుట్టింది, దానికి ఫ్యాక్టరీ లెక్కలే సాక్ష్యం.

పదిహేనేళ్లు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. 2018లో ఐసిన్ ఆటోమేటిక్ ఉన్న రామ్ 3500కు సుమారు 1,260 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చారు. అదే ఏడాది మాన్యువల్ బండికి దక్కింది సుమారు 895 మాత్రమే. ఆటోమేటిక్‌లో గేరు మారే క్షణంలో కంప్యూటరు ఇంజను బలాన్ని తగ్గించి మళ్లీ వదులుతుంది, టార్క్ కన్వర్టర్‌లోని ద్రవం కుదుపును మింగుతుంది. మాన్యువల్‌లో ఆ పనంతా డ్రైవరు ఎడమకాలి చేతిలో ఉంటుంది. ఎవరి కాలు ఎలా ఉంటుందో తెలియని కంపెనీ వారంటీని దృష్టిలో పెట్టుకుని ఇంజనుకే కళ్లెం వేయడం అర్థం చేసుకోదగ్గదే.

ఐదో గేరు నట్టు

ఎన్‌వీ4500 ఇనుప పెట్టెలో ఐదు గేర్లు ఉన్న గేర్‌బాక్సు. న్యూ వెంచర్ గేర్ అనేది జనరల్ మోటార్స్, క్రైస్లర్ 1990లో కలిసి పెట్టిన కంపెనీ. అందుకే ఇది రెండు కంపెనీల పికప్‌లలోనూ కనిపిస్తుంది. మొదటి గేరు నిష్పత్తి డాడ్జ్ డీజిల్ బండిలో 5.61. అంటే గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే షాఫ్టు ఒక్కసారి తిరగడానికి ఇంజను ఐదున్నర సార్లకు పైగా తిరుగుతుంది, నిండు ట్రైలరు కూడా నింపాదిగా కదులుతుంది.

దీని బలహీనత వెనకవైపు ఉంది. మెయిన్ షాఫ్టు చివర గాళ్ల మీద కూర్చునే ఐదో గేరును ఒక నట్టు బిగించి పట్టుకుంటుంది. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను ఒక్క చుట్టుకు మూడుసార్లు పేలుతుంది. 1,600 ఆర్పీఎం దగ్గర లెక్క వేస్తే సెకనుకు 80 దెబ్బలు. ఆ అదురు ఏళ్ల తరబడి షాఫ్టును మెలిపెడుతూ నట్టును కొద్దికొద్దిగా వదులు చేస్తుంది. నట్టు జరిగితే గేరు వెనక్కి జరుగుతుంది, గాళ్లు అరుగుతాయి, చివరకు రాడ్డు ఐదులో పడుతుంది గానీ బండికి బలం అందదు. మిగతా గేర్లు మామూలుగానే పనిచేస్తాయి కాబట్టి డ్రైవరు నాలుగులో ఇంటికి చేరతాడు. రిపేరుకు బండి కింద చేరి, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా దించాలి. చివరిదాకా గాళ్లు కోసిన కొత్త మెయిన్ షాఫ్టు, జారకుండా తాళం పడే నట్టు బయటి తయారీదార్లు అమ్ముతారు. అవి వేస్తే ఈ జబ్బు దాదాపు తీరినట్టే.

ఐదో గేరు ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను కన్నా బయటి షాఫ్టే వేగంగా తిరిగే గేరు, కావడం కష్టాన్ని ఇంకా పెంచింది. నాలుగో గేరులో నిష్పత్తి 1. బలం ముందునుంచి వెనక్కి నేరుగా మెయిన్ షాఫ్టులోనే వెళ్లిపోతుంది, కౌంటర్ షాఫ్టు మీద భారం పడదు. ఓవర్‌డ్రైవ్‌లో బలం కౌంటర్ షాఫ్టులోకి దిగి, మళ్లీ పైకెక్కాలి. బరువైన ట్రైలరుతో మిట్ట ఎక్కుతూ, ఇంజను కొట్టుకుంటున్నా వినిపించుకోకుండా ఐదులోనే లాగించిన బండ్లకు నట్టు ముందుగా వదులైంది. ట్రైలరు నిండుగా ఉన్నప్పుడు ఒక గేరు తగ్గించి డైరెక్ట్‌లో నడపడం గేర్‌బాక్సుకు చేసే పెద్ద ఉపకారం. డీజిల్ కొంత ఎక్కువ తాగినా లాభమే.

నూనె

గేర్‌బాక్సు జీవితంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఎన్‌వీ4500కు జీఎల్-4 రకం సింథటిక్ నూనె పోయాలి. డిఫరెన్షియల్‌కు వాడే జీఎల్-5 నూనెలో గంధకం, భాస్వరం కలిపిన రసాయనాలు ఎక్కువ. అవి రాగి కలిసిన లోహాలను తినేస్తాయి, గేర్లు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రోనైజర్ రింగులను పాడుచేస్తాయి. రెండూ గేరు నూనెలే కదా అని డబ్బా మార్చి పోసినవాళ్లు గేరు పడేటప్పుడు గరగర వింటారు. ఇక జీ56లో కంపెనీ పోయించింది ఆటోమేటిక్‌కు వాడే పల్చని ఏటీఎఫ్+4. పాత అలవాటుతో చూస్తే వింతగా అనిపించినా బండితో వచ్చే పుస్తకంలో రాసింది అదే.

ఎన్‌వీ4500, ఎన్‌వీ5600లకు బరువు లాగే వాడకందార్లు నిర్ణీత మట్టం కన్నా కొంత ఎక్కువ నూనె పోయడం మామూలు. పెట్టె పక్కన పీటీఓ (ఇంజను బలాన్ని వేరే యంత్రాలకు మళ్లించే అమరిక) మూత ఉండే చోటు నుంచి అలా పోస్తారు. నూనె పెరిగితే వేడి నింపాదిగా పెరుగుతుంది, పై బేరింగులకు నూనె అందే అవకాశం మెరుగవుతుంది.

ఎన్‌వీ5600, జీ56

ఎన్‌వీ5600 ఆరు గేర్లది, బరువు 160 కిలోల పైమాటే. ఒంటరిగా దించడం మంచిది కాదు, జాకీ తప్పనిసరి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు గట్టిదనే మంచిపేరు తెచ్చుకుంది. 2005లో తయారీ ఆగిపోయాక విడిభాగాలు దొరకడమే దాని మన్నికకు అసలు పరీక్ష అయ్యింది. గెట్రాగ్ జీ360 యజమానులది ఇంకా పాత బాధ.

2005లో వచ్చిన జీ56ది అల్యూమినియం పెట్టె. క్రైస్లర్ అప్పుడు డైమ్లర్‌తో కలిసి ఒకే సంస్థ కాబట్టి మెర్సిడెస్ గేర్‌బాక్సు రామ్‌లోకి రావడం సహజమే. అల్యూమినియం తేలిక, కానీ వేడికి ఉక్కుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. షాఫ్టులను పట్టే బేరింగుల బిగింపు ఆ తేడాకు లోబడుతుంది, అందుకే దీన్ని బాగుచేసేవాళ్లు బిగింపు కొలతను ఏమరుపాటుగా వదలరు.

దీనికి జతగా వచ్చిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌లో రెండు చక్రాల మధ్య స్ప్రింగులు ఉంటాయి. ఇంజను అదురు గేర్లదాకా రాకుండా అవి ఆపుతాయి. ఎక్కువ లోడు వేసి, ఇంజను ట్యూన్ పెంచి నడిపితే ఆ స్ప్రింగులు దెబ్బతింటాయి. చాలామంది ఆ ఫ్లైవీల్ స్థానంలో ఒకే ముక్కది వేసుకుంటారు. అప్పుడు న్యూట్రల్‌లో బండి నిలబడ్డప్పుడు గేర్లు గలగలలాడతాయి, క్లచ్ నొక్కగానే ఆ చప్పుడు ఆగుతుంది. గలగల వెంటనే గేర్‌బాక్సును చంపదు. అయినా స్ప్రింగులు మింగాల్సిన అదురును ఇక గేర్‌బాక్సే మోయాలి.

క్లచ్ సంగతి డ్రైవరు చేతిలోనిదే. మిట్టమీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం, ట్రైలరును రివర్సులో ఎక్కించేటప్పుడు జారనివ్వడం ప్లేటును కాలుస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు అలాంటి చోట లో రేంజ్‌లో పెట్టి చేస్తే క్లచ్ చాలాకాలం నిలుస్తుంది. అయితే ఎండిన కాంక్రీటు మీద చక్రాలు తిప్పుకోవాల్సి వస్తే అది కూడదు, డ్రైవ్‌లైన్ బిగుసుకుంటుంది. రాడ్డు మీద చెయ్యి వేసి నడపడమూ అంతే: ఆ బరువు షిఫ్ట్ ఫోర్కు మీద పడి, తిరుగుతున్న స్లీవ్‌కు రాసుకుంటూ అరుగుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు

ఇప్పుడు ఈ బండ్లన్నీ వాడినవే. ఎన్‌వీ4500 ఉంటే ఐదులో వేసి యాక్సిలరేటరు తొక్కుతూ వదులుతూ కొంతదూరం నడిపి చూడాలి. బలం తెగుతున్నట్టు, రాడ్డు వణుకుతున్నట్టు అనిపిస్తే నట్టును అనుమానించాలి. జీ56 అయితే ఇంజను ఆపే క్షణంలో వచ్చే టకటక, కదిలేటప్పుడు కుదుపు ఫ్లైవీల్ జబ్బుకు గుర్తులు. వీలైతే నూనె వదిలే ప్లగ్గు విప్పించాలి. అయస్కాంతానికి అంటిన బూడిదరంగు మెత్తని పేస్టు సహజమైన అరుగుదల. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు ఉంటే బేరింగో పన్నో విరిగినట్టు, ఆ రిపేరు ఖర్చు తీసివేశాకే ధర మాట్లాడాలి.