డ్రైవింగ్ అలవాట్లు – కారు మైలేజీ (నెల్లూరు తీరం)

ఒకే మోడల్ కారు ఇద్దరి చేతుల్లో రెండు రకాల మైలేజీ ఇస్తుంది. వేగం, బ్రేకు, గేరు విషయంలో వారి అలవాట్లే ఇందుకు ముఖ్య కారణం. నెల్లూరు తీరమంతా బల్లపరుపు నేల. వంతెనలు, ఫ్లైఓవర్లు తప్ప ఎక్కుడు ఉండదు కనుక, పెట్రోలు ఎక్కువ తాగుతోందని ఘాట్ రోడ్డును తిట్టుకునే వీలు ఇక్కడ లేదు.

కావలి, నెల్లూరు, గూడూరు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై ఖర్చును తేల్చేది వేగమే. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు వెళ్తే అది 56 శాతం ఎక్కువవుతుంది. 50 కిలోమీటర్ల దూరంలో మిగిలేది ఏడెనిమిది నిమిషాలు. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం 45–55 కిలోమీటర్ల వేగాన్ని సూచిస్తుంది. వెనకాల కంటైనర్ లారీ హారన్ కొడుతుంటే ఆ సలహా పాటించేవారు అరుదు.

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి వెళ్లే దారి కథ వేరు. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, కోతల కాలంలో రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు. టన్ను బరువున్న కారును 60 కిలోమీటర్ల వేగం నుంచి బ్రేకు తొక్కి ఆపితే దాదాపు 139 కిలోజౌళ్ల శక్తి వేడిగా పోతుంది. మళ్లీ అదే వేగం అందుకోవడానికి సుమారు 15–20 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. ముందే చూసుకుని యాక్సిలరేటర్ వదిలేస్తే ఇందులో చాలా భాగం మిగులుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొస్తే, స్పీడోమీటర్‌లో 60 ఉన్నా కారు అంతకన్నా ఎక్కువ వేగానికి సరిపడా గాలిని చీల్చుకుంటూ వెళ్లాలి.

ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే ఆదా అన్నది కార్బ్యురేటర్ కాలం నాటి నమ్మకం. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి కాలు తీస్తే ఇంధన సరఫరా దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు ఖర్చవుతుంది. పైగా బ్రేకుల మీద భారం.

రోహిణి కార్తెలో కారు ఆపి, ఏసీ వేసుకుని కూర్చుంటే మైలేజీ సున్నా. టైర్లలో గాలి తగ్గినా ఖర్చు పెరుగుతుంది. ఎండలో హైవే మీద పరిగెత్తి వచ్చిన టైరు అసలుకన్నా ఎక్కువ పీడనం చూపిస్తుంది. అందుకే గాలి ఉదయాన్నే, టైర్లు చల్లగా ఉండగా చూసుకోవాలి.