ఫైలు దగ్గరుందా... పేరు మాత్రమే ఉందా?

ఆఫీసు కంప్యూటర్లో కనిపించే నీలి మేఘానికీ, ఆకుపచ్చ టిక్కుకీ మధ్య ఎంపిక నిన్నమొన్నటిది కాదు. ఆ వాదన 1980ల్లో ప్రయోగశాలల్లో మొదలైంది.

ఉద్యోగంలో చేరగానే ల్యాప్‌టాప్ చేతికిస్తారు. టీమ్ ఫైళ్లన్నీ షేర్‌పాయింట్‌లో ఉన్నాయి, సింక్ చేసుకోమంటారు. ఫోల్డర్ మీద మౌస్ కుడి బటన్ నొక్కితే రెండు వరసలు కనిపిస్తాయి: ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచాలా, లేక డిస్కులో జాగా ఖాళీ చేయాలా? చాలామంది ఆ రెండింటి జోలికీ పోకుండా పనిలో పడిపోతారు. అక్కడ తాము తేల్చుకోవాల్సింది ఒకటుందన్న సంగతి డిస్కు నిండినరోజో, నెట్ పోయినరోజో తెలుస్తుంది.

ఆ రెండు వరసల వెనుక రెండు సిద్ధాంతాలున్నాయి. ఫైలును మొత్తంగా తెచ్చి దగ్గర పెట్టుకోవాలన్నది ఒకటి. ఫైలు సర్వర్లోనే ఉండాలి, అడిగినప్పుడు అడిగినంత రావాలన్నది రెండోది. నలభై ఏళ్లుగా కంప్యూటర్ పరిశ్రమ ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

పిట్స్‌బర్గ్‌లో ఒక ప్రయోగం

1982 అక్టోబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఐబీఎం సంస్థ ఒక ఒప్పందం చేసుకున్నాయి. క్యాంపస్‌లో విద్యార్థులకూ అధ్యాపకులకూ విడివిడిగా కంప్యూటర్లు ఉండాలి. ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తమ ఫైళ్లు తమకు కనబడాలి. యూనివర్సిటీకి పేరిచ్చిన ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ ఇద్దరి పేరు మీదా దానికి ప్రాజెక్ట్ ఆండ్రూ అని పెట్టారు. లక్ష్యం ఐదు వేలకు పైగా కంప్యూటర్లు. పెద్ద కంప్యూటర్‌కు తగిలించిన టెర్మినళ్ల దగ్గర వంతులవారీగా పనిచేసుకునే రోజుల్లో అది పెద్ద మాటే.

అందులోంచి వచ్చింది ఆండ్రూ ఫైల్ సిస్టమ్, ఏఎఫ్‌ఎస్. దాని పద్ధతి సూటిగా ఉండేది. ఫైలు తెరవగానే అది మొత్తంగా సర్వర్ నుంచి మన కంప్యూటర్ డిస్కులోకి దిగుతుంది. మార్పులన్నీ అక్కడే చేసుకుంటాం. మూసేశాక మారిన ఫైలు తిరిగి సర్వర్‌కు చేరుతుంది. మధ్యలో సర్వర్‌తో పనిలేదు. అందువల్ల ఒక్క సర్వరే చాలామందిని భరించగలదు.

కాగితం మీద లెక్క సరిపోయింది గానీ, తొలి నమూనా మాత్రం తడబడింది. దగ్గరున్న నకలు పాతబడిందేమోనన్న అనుమానంతో, ఫైలు తెరిచిన ప్రతిసారీ కంప్యూటర్లు సర్వర్‌ను వాకబు చేసేవి. సర్వర్‌కు వచ్చే విన్నపాల్లో సగానికి పైగా ఈ వాకబులే. ఇరవై కంప్యూటర్లు తగిలించేసరికే సర్వర్ ఆయాసపడేది. పరిశోధకులు పద్ధతిని తిరగేశారు. నువ్వు అడగొద్దు, వేరెవరైనా ఈ ఫైలు మారిస్తే నేనే కబురు చేస్తానని సర్వర్ ముందే మాటిస్తుంది. ఆ కబురు రానంతకాలం దగ్గరున్న నకలు తాజాదే. ఈ మార్పుతో ఒక్కో సర్వర్ యాభై మంది దాకా మోయగలిగిందని 1988లో వారు ప్రచురించిన పరిశోధనపత్రం చెబుతోంది. పక్కవాళ్లు ఫైలు మార్చిన కాసేపటికే మన ఫోల్డర్‌లోనూ అది మారిపోవడం వెనుక ఉన్నది ఈ ఆలోచనే.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఇద్దరు ఒకేసారి ఒకే ఫైలు తెరిచి మారిస్తే, చివర మూసినవారి మాటే చెల్లుబాటవుతుంది. ముందు మూసినవారి శ్రమ గల్లంతు.

సన్ కంపెనీ వేసిన రెండో బాట

అవే రోజుల్లో కాలిఫోర్నియాలోని సన్ మైక్రోసిస్టమ్స్ దీనికి పూర్తిగా విరుద్ధమైన దారి పట్టింది. 1984లో తయారై మరుసటి ఏడాది లోకానికి పరిచయమైన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, ఎన్‌ఎఫ్‌ఎస్, ఫైలును మొత్తంగా దించదు. చదువుతున్న భాగాన్ని ముక్కలు ముక్కలుగా తెస్తుంది. ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. కాబట్టి సర్వర్ పడిపోయి లేచినా పాత లెక్కలు సరిచూసుకునే పనిలేదు.

సన్ ఆ నిబంధనలను ఇతర కంపెనీలకూ అందుబాటులో పెట్టడంతో ఎన్‌ఎఫ్‌ఎస్ యూనిక్స్ ప్రపంచమంతా పాకింది. సొంత డిస్కే లేని కంప్యూటర్లు కూడా దానితో నడిచేవి. ఇబ్బందల్లా నెట్‌వర్క్‌తోనే. సర్వర్ పలకడం లేదన్న ఒక్క ముక్క తెర మీద పడిందంటే, అది మళ్లీ పలికేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

తీగ తెగినా పని ఆగకూడదు

ఏఎఫ్‌ఎస్ రూపకల్పనలో ముందున్నవారిలో మహదేవ్ సత్యనారాయణన్ ఒకరు. ఐఐటీ మద్రాసులో బీటెక్, ఎంటెక్ పూర్తిచేసి, కార్నెగీ మెలన్‌లో 1983లో డాక్టరేట్ పుచ్చుకుని అక్కడే అధ్యాపకుడైన శాస్త్రవేత్త. సర్వరో, దారిలోని తీగో దెబ్బతింటే ఏఎఫ్‌ఎస్‌లో పని ఆగిపోవడం ఆయన్ను ఆలోచనలో పడేసింది. 1987లో మొదలైన కోడా అనే ప్రాజెక్టు దానికి జవాబు. ఆయన విద్యార్థి జేమ్స్ కిస్లర్‌తో కలిసి రాసిన పత్రం 1990ల తొలినాళ్లలో వెలువడింది. దారి తెగిపోయినా ఫైళ్లతో పని సాగడం ఎలాగన్నదే అందులోని విషయం. ల్యాప్‌టాప్‌లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న కాలమది.

కోడాలో కంప్యూటర్ మూడు దశల్లో మెలుగుతుంది. నెట్‌వర్క్ ఉన్నంతసేపూ, వర్షాలు పడకముందే ఇంట్లో కట్టెలూ పప్పులూ సర్దుకున్నట్టు, ముందుముందు అవసరపడే ఫైళ్లను డిస్కులో పోగేస్తుంది. ఏవి పోగేయాలన్నది రెండు విధాలుగా తేల్చుకుంటుంది: ఈమధ్య ఏవి వాడారో తానే చూసుకుంటుంది, ఏవి ముఖ్యమో వాడేవారు రాసిచ్చిన జాబితానూ చూస్తుంది. సంబంధం తెగాక, సర్వర్ ఉన్నట్టే నటిస్తూ మార్పులన్నింటినీ చిట్టాలో రాసుకుంటుంది. తిరిగి కలవగానే ఆ చిట్టాను సర్వర్‌కు అప్పజెబుతుంది.

ఈలోగా అదే ఫైలును మరొకరు మారిస్తే? కోడా ముందుగా ఎవరినీ ఆపదు, తాళాలు వేయదు. తగువు వచ్చినప్పుడే పట్టుకుంటుంది. ఇంత ధైర్యం చేయడానికి వారి దగ్గర లెక్కలున్నాయి. తమ క్యాంపస్ సర్వర్లను గమనిస్తే, సొంత ఫైళ్ల మార్పుల్లో 99 శాతానికి పైగా అంతకుముందు మార్చినవారే మళ్లీ చేసినవి. ఒక్కరోజు తేడాలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులు ఒకే ఫైలును మార్చే అవకాశం 0.75 శాతం మించలేదు. అరుదుగా వచ్చే తగువు కోసం అందరి పనికీ అడ్డుకట్ట వేయడం దండగని వారు తేల్చారు.

నేటి సింక్ ప్రోగ్రాములు ఈ తీర్పునే పాటిస్తున్నాయి. ఇద్దరి మార్పులు ఢీకొంటే డ్రాప్‌బాక్స్ రెండో ప్రతిని విడిగా దాస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ ఫైలు పేరు చివర కంప్యూటర్ పేరు తగిలిస్తుంది. ఏది ఉంచాలో మనిషే తేల్చాలి.

మారిన ముక్కే పంపితే చాలు

పెద్ద ఫైలులో ఒక్క పేరా మారిస్తే మొత్తం మళ్లీ పంపాలా? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియాలో జవాబు దొరికింది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము విడుదల చేశారు. అటు ఉన్న పాత ఫైలును ముక్కలుగా చేసి, ముక్కకొక చిన్న గుర్తు లెక్కగడతారు. ఇటు ఉన్న కొత్త ఫైలులో ఆ గుర్తులు ఎక్కడెక్కడ సరిపోలాయో వెతుకుతారు. సరిపోలని ముక్కలే ప్రయాణం చేస్తాయి. మోడెమ్‌ల కాలంలో అది వరం. ట్రిడ్జెల్ డాక్టరేట్ సిద్ధాంతవ్యాసంలోనూ ఇది ముఖ్యభాగం.

ఇవన్నీ తెలిసినవారి చేతిలోనే మిగిలాయి. మామూలు ఉద్యోగులకు 1995లో విండోస్ ఇచ్చిన బ్రీఫ్‌కేస్ ఉన్నా అది పెద్దగా అలవాటు కాలేదు. ఫ్లాపీ, తర్వాత పెన్‌డ్రైవ్, లేదంటే తనకు తానే ఈమెయిల్ పంపుకోవడం, ఇదీ వాడుక. బోస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే బస్సులో పెన్‌డ్రైవ్ మరిచిపోయానని గుర్తొచ్చి, అక్కడికక్కడే కోడ్ రాయడం మొదలుపెట్టానని డ్రూ హ్యూస్టన్ చాలాసార్లు చెప్పుకున్నారు. అరాష్ ఫెర్దౌసీతో కలిసి ఆయన 2007లో స్థాపించిన డ్రాప్‌బాక్స్ మరుసటి ఏడాది జనంలోకి వచ్చింది. అందులో వినియోగదారుకు కనబడేది ఒక్క ఫోల్డరే. లోపల ఫైళ్లు నాలుగు మెగాబైట్ల ముక్కలుగా విడిపోయి, సర్వర్లో లేని ముక్కలే పైకి వెళ్లేవి. పద్ధతి మాత్రం ఏఎఫ్‌ఎస్ దారిదే: ప్రతి కంప్యూటర్లోనూ పూర్తి నకలు.

పేర్లు కనబడ్డాయి, ఫైళ్లు లేవు

ఆ పద్ధతికి డిస్కులే అడ్డొచ్చాయి. హార్డ్ డిస్కుల స్థానంలో వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలు వచ్చాయిగానీ వాటి పరిమాణం చిన్నది. 2012లో వచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ టాబ్లెట్ 32 జీబీతో మొదలైంది. మరోవైపు మైక్రోసాఫ్ట్ 2014లో ఆఫీస్ చందాదారులకు ఒక టెరాబైట్ ఆన్‌లైన్ జాగా ఇచ్చింది. అంత సరుకు ఇంత డిస్కులో ఎలా పడుతుంది?

ఆ టెరాబైట్‌కు ముందే, 2013 అక్టోబరులో విండోస్ 8.1 దీనికి ఒక ఉపాయం తెచ్చింది. ఆన్‌లైన్‌లో ఉన్న ఫైళ్లన్నీ ఫోల్డర్‌లో కనిపిస్తాయి, కానీ డిస్కులో ఉండేది పేరూ చిన్న బొమ్మా మాత్రమే. తెరిస్తేనే అసలు ఫైలు దిగుతుంది. అప్పట్లో మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ జాగా సేవ పేరు స్కైడ్రైవ్. బ్రిటన్‌లో స్కై టీవీ సంస్థతో నడిచిన ట్రేడ్‌మార్క్ వివాదంలో ఓడాక, 2014 ఫిబ్రవరిలో అది వన్‌డ్రైవ్ అయింది.

ఉపాయం బాగుంది, చూసినవాళ్లే తికమకపడ్డారు. పేరు కనబడుతోంది కదా ఫైలు ఉన్నట్టేననుకుని విమానం ఎక్కినవాళ్లకు అది తెరుచుకోలేదు. ఈ అయోమయాన్నే కారణంగా చూపి 2014 చివర్లో విండోస్ 10 పరీక్షా రూపంలో మైక్రోసాఫ్ట్ దాన్ని తొలగించింది. చిన్న డిస్కులవాళ్లు గగ్గోలు పెట్టారు. మూడేళ్ల తర్వాత, 2017 అక్టోబరులో అది తిరిగొచ్చింది. ఈసారి మూడు గుర్తులు తోడు తెచ్చుకుంది. నీలి మేఘమంటే పేరే ఉంది. తెల్లని వృత్తంలో ఆకుపచ్చ టిక్కు అంటే తెరిచినందువల్ల దిగింది, తర్వాత ఖాళీ చేయొచ్చు. నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్లని టిక్కు అంటే ఎప్పుడూ ఉండేట్టు మనమే చెప్పాం. డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్ కూడా అదే ఏడాది ఇలాంటి సదుపాయాలే తెచ్చాయి. మొత్తం దించుకోవడమా, అడిగినప్పుడు తెచ్చుకోవడమా అన్న పాత తగువు ఫైలు ఫైలుకూ విడిగా తేల్చుకునే వ్యవహారమైంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు

షేర్‌పాయింట్‌లో టీమ్ ఫైళ్లను కంప్యూటర్‌కు తెచ్చుకునేందుకు రెండు బటన్లున్నాయి. సింక్ నొక్కితే ఆ లైబ్రరీ ఆ ఒక్క కంప్యూటర్లో, సంస్థ పేరుతో వేరుగా కనిపిస్తుంది. వన్‌డ్రైవ్‌కు షార్ట్‌కట్ జోడిస్తే, మీరు ఏ కంప్యూటర్లో లాగిన్ అయినా ఆ ఫోల్డర్ వెంట వస్తుంది. వీలైనంతవరకు రెండోదే మేలని మైక్రోసాఫ్ట్ సలహా. అవసరమున్న ఫోల్డర్‌కే షార్ట్‌కట్ పెట్టుకోవాలి. మొత్తం లైబ్రరీని లాగితే ఫైళ్ల సంఖ్య పెరిగి సింక్ నత్తనడక నడుస్తుంది. మూడు లక్షల ఫైళ్లు దాటకుండా చూసుకోమని ఆ సంస్థే చెబుతోంది.

గూగుల్ డ్రైవ్‌లో సొంత ఫైళ్లను పూర్తిగా దించుకోవచ్చు, లేదా అడిగినప్పుడే తెచ్చుకోవచ్చు. సంస్థల ఉమ్మడి డ్రైవ్‌లకు మాత్రం రెండో పద్ధతే దిక్కు. వాటిలో కావాల్సినవాటిని ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచమని విడిగా గుర్తుపెట్టాలి.

ఏ దారి పట్టినా ఒకటి మరవకూడదు. డిస్కు నిండిందని ఉమ్మడి ఫోల్డర్‌లోని ఫైళ్లను డిలీట్ చేస్తే అవి అందరికీ పోతాయి. షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటాయి కాబట్టి తిరిగి తెచ్చుకోవచ్చుగానీ, ఆలోగా టీమ్ మొత్తం వెతుక్కుంటుంది. జాగా కావాలంటే ఖాళీ చేసే వరసే నొక్కాలి. షార్ట్‌కట్ వద్దనుకుంటే దాన్ని తీసేసే ఆదేశం వేరే ఉంది. పొరపాటును కూడా నమ్మకంగా అన్ని కంప్యూటర్లకూ చేరవేస్తుంది కాబట్టి సింక్‌ను బ్యాకప్ అనుకోకూడదు.

ఇక ఏవి దగ్గరుంచుకోవాలి? ఈ విషయంలో నేటి ప్రోగ్రాములు కోడాకన్నా వెనకే ఉన్నాయనాలి. కోడా వాడకాన్ని గమనిస్తూనే మనిషి ఇచ్చే జాబితానూ అడిగేది. ఇప్పుడు ఆ జాబితా అడిగేవారు లేరు. పైగా విండోస్‌లో డిస్కు జాగా ఖాళీ చేసే స్టోరేజ్ సెన్స్‌ను అలా అమర్చి ఉంటే, కొన్ని వారాలు తెరవని ఫైళ్లను అది తనంతట తానే మేఘంలోకి పంపేస్తుంది. ఆ అమరికను కంపెనీల ఐటీ విభాగాలు ఉద్యోగి ప్రమేయం లేకుండానే చేసిపెట్టొచ్చు. ఒక ఫైలును ఎప్పుడు తెరిచామో ప్రోగ్రాముకు తెలుసు, మళ్లీ ఎప్పుడు అవసరమో తెలియదు. ఏడాదికోసారి తీసే ఆడిట్ పత్రాలు, కరెంటు పోయిన సైట్‌లో చూడాల్సిన డ్రాయింగులు, క్లయింట్ ముందు తెరవాల్సిన ఒప్పందం, ఇవన్నీ దాని లెక్కలో ఎవరికీ పట్టని ఫైళ్లే. నెట్ ఒక రోజంతా లేకపోతే ఏ ఫైళ్లు లేక పని ఆగుతుందో రాసుకుని, వాటి మీద మాత్రం నిండు ఆకుపచ్చ టిక్కు పెట్టుకోండి. మిగతావి మేఘంలో ఉన్నా నష్టం లేదు.