20వ శతాబ్దపు మనుషులు

20వ శతాబ్దపు మనుషులు అనేది జర్మనీకి చెందిన ఛాయాచిత్రకారుడు ఆగస్ట్ సాండర్ (1876 - 1964) సుమారు నాలుగు దశాబ్దాల పాటు కూర్చుతూ, మార్చుతూ వచ్చిన పోర్ట్‌ఫోలియో. తన కాలపు జర్మన్ సమాజంలోని అన్ని వర్గాలవారినీ ఒకచోట చూపించాలన్నది ఈయన సంకల్పం. అది ఈయన జీవితకాలంలో పూర్తి కాలేదు.

పాత చిత్రాల పునర్ముద్రణ

కొలోన్ నగరంలో స్టూడియో నడిపే సాండర్ మొదటి ప్రపంచయుద్ధానికి ముందు వెస్టర్‌వాల్డ్ పల్లెలకు వెళ్ళి, రైతు కుటుంబాలవారికి డబ్బు తీసుకుని ఫోటోలు తీసేవాడు. 1920లలో చిత్రకారుడు ఫ్రాంజ్ విల్‌హెల్మ్ సైవర్ట్ బృందంతో పరిచయమయ్యాక ఆ నెగెటివులను తిరిగి బయటికి తీశాడు. వర్ణచిత్రాలను తలపించే పాత ముద్రణ పద్ధతిని వదలి, సూక్ష్మమైన వివరాలు సైతం కనబడే నున్నటి కాగితంపై వాటిని మళ్ళీ ముద్రించాడు. వాటినుండి ఎంచిన 12 రైతుల చిత్రాలే పోర్ట్‌ఫోలియోకు మూలమయ్యాయి.

రైతు, చేతివృత్తిదారుడు, స్త్రీ, వర్గాలు-వృత్తులు, కళాకారులు, మహానగరం, చివరి మనుషులు అనే 7 విభాగాలుగా, 45 చిన్న పోర్ట్‌ఫోలియోలుగా దీనిని విభజించాడు. ఇందులోని 60 చిత్రాలను 1929లో పుస్తకంగా ప్రచురించాడు. నాజీ ప్రభుత్వం 1936లో ఆ పుస్తకపు ముద్రణ పలకలను ధ్వంసం చేయించింది.

తరువాతి చేర్పులు

ప్రణాళికలో తొలుత లేని చిత్రాలు దీనిలోకి చేరినది ఆ కాలపు సంఘటనల వలననే. సాండర్ కుమారుడు ఎరిక్ నాజీ వ్యతిరేక రాజకీయాల కారణంగా 1934లో అరెస్టయి, పదేళ్ళ శిక్ష అనుభవిస్తూ 1944లో జైలులోనే మరణించాడు. అతడు జైలులో ఉండగా తీసిన తోటి ఖైదీల చిత్రాలను సాండర్ "రాజకీయ ఖైదీలు" అన్న శీర్షిక క్రింద చేర్చాడు. 1938 ప్రాంతంలో గుర్తింపు పత్రాల కోసం వచ్చిన కొలోన్ యూదులను తీసిన చిత్రాలు "హింసితులు" అయ్యాయి. నాజీలకూ వేరొక శీర్షిక ఉంది. ఎవరి చిత్రానికీ వ్యాఖ్య జోడించలేదు. బాధితులు, నాజీలు ఒకే పోర్ట్‌ఫోలియోలో ఉండటమే ఇక్కడ వ్యాఖ్య అనుకోవచ్చు. ఎరిక్ మరణానంతరం అతడి ముఖానికి తీసిన అచ్చు చిత్రం "చివరి మనుషులు" విభాగంలో ఉంది.

నష్టం, ప్రచురణ

యుద్ధకాలంలో కూఖౌసెన్ గ్రామానికి తరలించిన నెగెటివులు దక్కాయి. కొలోన్‌లోని నేలమాళిగలో మిగిలినవి, 25,000 నుండి 30,000 వరకు, 1946లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మరో కుమారుడు గుంటర్ 1980లో 431 చిత్రాలతో ఈ కృతిని ప్రచురించాడు. సాండర్ రాసుకున్న ప్రణాళికల ఆధారంగా 2002లో 619 చిత్రాలతో 7 సంపుటాలు వెలువడ్డాయి.