షెడ్యూలుకు అందని చేను: ప్రమాదకర వ్యవసాయ శ్రమ, బాలల చట్టరక్షణ – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఐదేళ్ల తరువాత వచ్చిన 1938 నాటి బాలల ఉద్యోగ చట్టం పదిహేనేళ్లు నిండని వారిని రైల్వే రవాణా పనులలోను, ఓడరేవు హద్దులలోని సరుకుల ఎత్తుదింపు పనులలోను నియమించడాన్ని నిషేధించింది. రేవులో మూట మోసే బాలుడు ఆ విధంగా చట్టం కంటబడ్డాడు. ఆ మూటలోని పంటను పండించిన చేలో పనిచేసే బాలుడు కంటబడలేదు. వలస పాలన కాలంలో రూపొందిన ఈ చూపు స్వాతంత్ర్యానంతర శాసనాలలోను ఎలా కొనసాగిందో సంకరజాతి పత్తి విత్తనోత్పత్తి ఆధారంగా పరిశీలించవచ్చు.

వ్యవసాయానికి నియమాలే లేకపోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే తన 10వ ఒడంబడికలో, పద్నాలుగేళ్లలోపు బాలలను బడివేళల్లో వ్యవసాయ పనులకు పెట్టరాదని పేర్కొంది. భారతదేశం దానిని ఆమోదించలేదు. 1933 నాటి బాలల శ్రమ తాకట్టు చట్టం పిల్లల శ్రమను కుదువపెట్టే ఒప్పందాలు చెల్లవని ప్రకటించింది. దీనికి దారితీసిన రాయల్ కార్మిక కమిషన్ (1929–31) ప్రధానంగా చూసినవి అమృత్‌సర్ తివాచీ శాలలు, మద్రాసు బీడీ కార్ఖానాల వంటివి. ఒప్పందం కుదుర్చుకున్న తండ్రికి గరిష్ఠ జరిమానా 50 రూపాయలు, యజమానికి 200 రూపాయలు. మాటకు పొలం కూడా ఈ చట్టం పరిధిలోనిదే. అయితే నోటిమాటపై చేతులు మారే అడ్వాన్సును ఎవరు నిరూపించాలి?

పత్తిచేలో పని

1970లో సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 ప్రపంచంలో వాణిజ్య స్థాయిలో సాగైన తొలి సంకరజాతి పత్తి. ఆ విత్తనాన్ని యంత్రం తయారుచేయలేదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుండి సాయంత్రం లోపు చేతితో విప్పి, కేసరాలను తొలగించాలి. మర్నాటి ఉదయం మగమొక్క పుప్పొడిని దాని కీలాగ్రానికి అద్దాలి. రైతులు ‘క్రాసింగు’ అని పిలిచే ఈ పని పూతకాలమంతా, నెలల తరబడి, ప్రతిరోజూ సాగుతుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇది విస్తరించినప్పుడు దానిని మోసింది ఎక్కువగా పద్నాలుగేళ్లలోపు బాలికలు. చిన్న వేళ్లు, చిన్న ఎత్తు ఈ పనికి అనువైనవనే వాదన వినిపించేది. తక్కువ కూలి, ముందే ఇచ్చిన అడ్వాన్సు, ఎదురు చెప్పని వయసు దానికంటే సరైన కారణాలు. పురుగుమందు చల్లిన చేలో రోజంతా మొక్కల మధ్య నిలబడి చేసే పని ఇది.

1986 నాటి బాలకార్మిక (నిషేధ, నియంత్రణ) చట్టం నిషేధిత వృత్తులను, ప్రక్రియలను షెడ్యూలులో పేర్కొంది. పురుగుమందుల తయారీ, నిర్వహణ తరువాత అందులో చేరాయి. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలతో చేసే వ్యవసాయ ప్రక్రియలు, పత్తి జిన్నింగ్ తరువాతి సవరణలతో చేరాయి. 2006 అక్టోబరు 10 నుండి ఇంటిపనులు, హోటళ్లు, ధాబాలు చేరాయి. విశాఖపట్నం ద్వారకా నగర్‌లో బస్సుల కాంప్లెక్సు చుట్టూ ఉన్న టిఫిను హోటలులో కప్పులు కడిగే బాలుడు ఆ విధంగా చట్టం లోపలికి వచ్చాడు. యంత్రమో, కట్టడమో ఉన్నచోటికి చట్టం చేరింది. క్రాసింగుకు ఆ రెండూ లేవు.

ఈ మౌనాన్ని ఛేదించింది శాసనసభ కాదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి పనిచేసిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న నిర్వచనంతో ప్రమాదకర, ప్రమాదరహిత విభజననే తిరస్కరించింది. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన నివేదిక, చేలోని బాలికకూ బహుళజాతి విత్తన కంపెనీలకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. కంపెనీ నేరుగా కూలి ఇవ్వదు. ఆర్గనైజర్ల ద్వారా రైతుతో ఒప్పందం చేసుకుని, కొనుగోలు ధరను తానే నిర్ణయిస్తుంది. ఆ ధరకు పెద్దల కూలి గిట్టదు. చట్టం ‘యజమాని’ కోసం వెతికితే దొరికేవాడు రైతు ఒక్కడే. ఈ అధ్యయనాల బలం ఇక్కడే ఉంది. నేరాన్ని వ్యక్తి దగ్గర ఆపకుండా ధర వరకు అవి తీసుకువెళ్లాయి.

2016 సవరణ

2016 సవరణ పద్నాలుగేళ్లలోపు వారికి అన్ని పనులనూ నిషేధించింది, పద్నాలుగు నుండి పద్దెనిమిదేళ్ల వారిని ‘కౌమారులు’గా గుర్తించి ప్రమాదకర పనులకు దూరం పెట్టింది. తొలుత మూడు అంశాలకు కుదించిన షెడ్యూలును 2017లో మళ్లీ విస్తరించారు. అదే సవరణ, బడివేళల తరువాతా సెలవుల్లోనూ, ప్రమాదకరం కాని పనుల్లో కుటుంబానికి సాయపడటాన్ని అనుమతించింది. ఆ ‘కుటుంబం’లో తల్లిదండ్రులు, తోబుట్టువులే కాక మేనత్తలు, మేనమామలు, పినతల్లులు, పినతండ్రులు కూడా ఉన్నారు. పల్లెలో ఈ లెక్కకు అందని చేను అరుదు. విత్తనోత్పత్తి పెద్ద కమతాల నుండి కుటుంబ శ్రమపై నడిచే చిన్న కమతాలకు మళ్లుతున్న కాలంలో ఈ మినహాయింపు వచ్చిందన్నది గమనార్హం.

క్రాసింగు వేళలను ఈ నిబంధన పక్కన పెట్టి చూడాలి. పుప్పొడి అద్దే ఉదయం బడివేళతో ఢీకొంటుంది. కాబట్టి అక్కడ ఉల్లంఘనను గుర్తించవచ్చు. మొగ్గ విప్పే పని మాత్రం బడి విడిచాక కూడా సాగుతుంది. ఆ వేళ మేనమామ చేలో ఉన్న బాలిక పురుగుమందును ‘నిర్వహించడం’ లేదు, మందు చల్లిన ఆకుల మధ్య నిలబడి ఉంది అంతే.