తిట్టడానికైనా ఒక జట్టుండాలె

జట్టు ఓడిన రాత్రి మా మర్కూక్‌లో చాయ్ ఎక్కువ అమ్ముడుపోతుంది. గెలిచిన నాడు ఎవరి దారిన వాళ్లు ఇళ్లకు పోతారు. ఓడిన నాడు మాత్రం ఎవరూ కదలరు. టీవీలో ప్రకటనలు వస్తుంటాయి, గిలాసలు మళ్లీ నిండుతుంటాయి. ఎందుకు ఓడామో తేలేదాకా పంచాయితీ నడవాల్సిందే. 2021 నుంచి 2024 దాకా, తెలుగు టైటన్స్ కబడ్డీ జట్టు పుణ్యమా అని, మా చాయ్ హోటల్‌కు మంచి గిరాకీ.

బయటివాళ్లకు మర్కూక్ అంటే నీళ్లే. 2020 మే 29న కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్లు దూకిన రోజున మా ఊరి పేరు రాష్ట్రమంతా విన్నది. పదిహేను టీఎంసీల జలాశయం. ఆదివారమైతే కట్ట మీద హైదరాబాద్ కార్లు బారులు తీరతాయి. కట్ట కింది నుంచి చూస్తే నీళ్లు కనబడవు, గోడలాంటి మట్టి ఒకటే కనబడుతుంది. ఆ నీళ్ల కింద మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లి ఉన్నాయి. మా పంచాయితీకి పెద్దమనిషి ఒక కాక. ముంపులో పోయిన ఊళ్లలో ఒకదానివాడు. వయసులో ఉన్నప్పుడు జాతరలకు కబడ్డీ ఆడిన మనిషి. రైడ్ అనడు, 'కూత' అంటాడు. టైటన్స్ ఆటను ఆయన చూసినంత కోపంగా ఇంకెవరూ చూడరు.

కోపం ఊరికే రాదు. ముందు ఆశ పెట్టుకున్నవాళ్లకే వస్తుంది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు, పొలం గట్టు మీద గీతలు గీసి ఆడే ఆటకు రంగురంగుల మ్యాట్ వేశారు, లైట్లు పెట్టారు. మనకూ ఒక జట్టు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి దానికి ప్రాణం. మన భాష రాకపోయినా మనవాడైపోయాడు. పిల్లలు బడి గ్రౌండులో కూతకు పోతూ తొడ చరిచి 'రాహుల్' అని అరిచేవాళ్లు. తొలి ఏడాది ఐదో స్థానం. 2015లో సెమీఫైనల్లో బెంగళూరు చేతిలో ఒక్క పాయింట్ తేడాతో, 39-38తో ఓడి, ఆఖరికి మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2016లో మళ్లీ సెమీస్. ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ రైడ్ పాయింట్లు రాహుల్‌వే. ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది, కాని అందులో ఆడింది పట్నా, జైపూర్. "ఒక్క మెట్టు తక్కువైంది, వచ్చేసారి సూడున్రి" అన్నాడు కాక.

ఆ వచ్చేసారి రాలేదు. ఏటేటా కొంచెం కొంచెంగా జారడం మొదలైంది. 2018 సీజన్ తర్వాత రాహుల్ జట్టులో లేడు. మరుసటి ఏడాది వేలంలో తమిళ్ తలైవాస్ వాళ్లు పట్టుకుపోయారు. టైటన్స్ ఒక కోటి నలభై ఐదు లక్షలు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చుకున్నారు. ఒళ్లు చూసి జనం అతన్ని బాహుబలి అన్నారు. బాహుబలి కూడా ఒక్క చేత్తో కోట నిలబెట్టలేకపోయాడు. పన్నెండు జట్లలో మనది పదకొండో స్థానం. "ఇంతకంటే కిందికి ఏం పోతరు తియ్" అనుకున్నాం. కింద ఇంకొక మెట్టు ఉండనే ఉంది.

కరోనా కారణంగా ఒక ఏడాది ఆట ఆగి, 2021 డిసెంబర్‌లో బెంగళూరులోని ఒక హోటల్లో, ప్రేక్షకులు లేకుండా మళ్లీ మొదలైంది. దేశాయ్ మూడు మ్యాచ్‌లాడి భుజం గాయంతో కూలబడ్డాడు. ఇరవై రెండు మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, నాలుగు టైలు, పదిహేడు ఓటములు. ఆ ఒక్క గెలుపు జైపూర్ మీద, అదీ ఒక్క పాయింట్ తేడాతో. ఖాళీ కుర్చీల ముందు ఓడిపోవడం వాళ్లకు మేలే అయిందేమో. చూసి ఏడవాల్సింది మేమే కదా, మేం టీవీల ముందు ఏడ్చాం.

ఆ సీజన్ లెక్క ఒకటి ఇప్పటికీ మా హోటల్లో చెప్పుకుంటారు. అప్పట్లో కబడ్డీ లీగ్‌లో గెలిస్తే ఐదు పాయింట్లు, టై అయితే మూడు, ఏడు లేక అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒకటి ఇచ్చేవారు. టైటన్స్ ఖాతాలో మొత్తం 27 పాయింట్లు. గెలుపువి ఐదు, టైలవి పన్నెండు. మిగిలిన పది ఓడినందుకు వచ్చినవి. అంటే పదిసార్లు గడప దాకా వెళ్లి, అక్కడే పడిపోయారన్నమాట. డిగ్రీ చదివే కుర్రాడొకడు ఈ లెక్కను సిగరెట్ పెట్టె అట్ట మీద వేసి కాకకు చూపించాడు. కాక ఆ అట్టను చాలాసేపు చూశాడు. "ఓడినా పైసలిచ్చే కూలి ఎక్కడన్న ఉందార" అన్నాడు.

2022 సీజన్ దసరా పోయిన రెండోనాడు మొదలైంది. ఈసారి రెండు గెలుపులు, ఇరవై ఓటములు. గెలుపులు ఒకటి పెరిగాయని మురవడానికి లేదు. పాయింట్లు పదిహేనుకు పడిపోయాయి. గెలుపులవి పది తీసేస్తే, దగ్గరగా ఓడినందుకు వచ్చినవి ఐదే. పోయినేడు గడప దాకా వెళ్లినవాళ్లు ఈ ఏడు వాకిట్లోకే రాలేదు. ఆ డిసెంబర్‌లో జైపూర్ కప్పు ఎత్తింది. ఆ జట్టులో మన రాహుల్ చౌదరి ఉన్నాడు. ఆ రాత్రి కాక టీవీ కట్టెయ్యమన్నాడు. వాడు గెలిచాడని సంతోషపడాలో, మనకు కాకుండా గెలిచాడని బాధపడాలో మాకూ తెలియలేదు.

అప్పటికి అందరి తీర్పూ ఒకటే: మనకు మంచి రైడర్ లేడు. యాజమాన్యం కూడా అదే అనుకున్నట్టుంది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ కోసం రెండు కోట్ల అరవై లక్షల యాభై వేలు పెట్టింది. అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ దక్కని ధర. పవన్ తన పని తాను చేశాడు. ఒక్కడే రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టుకు మాత్రం రెండు గెలుపులు, ఒక టై, పంతొమ్మిది ఓటములు. మళ్లీ పన్నెండో స్థానం. వరుసగా మూడోసారి.

ఆ శీతాకాలంలో ఒక రాత్రి కాక లేచి నిలబడ్డాడు. పంచె ఎగ్గట్టి, ఇద్దరు పిల్లల్ని పిలిచి హోటల్ ముందు మట్టిలో నిలబెట్టాడు. "చేతులు పట్టుకోన్రి" అన్నాడు. వాళ్లు వేళ్లు పట్టుకున్నారు. కాక మధ్యలో భుజం పెట్టి తోసేసరికి చేతులు విడిపోయాయి. "గిట్ల కాదు, మణికట్టు పట్టాలె." ఈసారి మణికట్లు పట్టించి మళ్లీ తోశాడు. విడిపోలేదు. ముసలాయనే వెనక్కి తూలాడు. "ఇంగ రెండో మాట. కూతకొచ్చినోడు గీత దాటి లోపలికొచ్చేదాక ఆగాలె. ముందుగాల ఉరికితే వాడు చెయ్యి తాకిచ్చి పోతడు. మనోళ్లు ఆగరు. ఓడుతమనే భయానికి ఉరుకుతరు, ఉరికి ఓడుతరు. కోట్లు కూతకు పెట్టిన్రు, మణికట్టుకు పెట్టలె." నేను చదివిన ఏ విశ్లేషణలోనూ ఇంత సూటి మాట లేదు. పవన్ ఈ చేత్తో తెచ్చిన పాయింట్లను ఆ చేత్తో వదిలేశాం. ఏడుగురి ఆటను ఒక్కడి ఆట అనుకున్నాం.

మూడు సీజన్లు కలిపితే 66 మ్యాచ్‌లు, ఐదు గెలుపులు, ఐదు టైలు, యాభై ఆరు ఓటములు. 2024 మార్చి 1న ఆ సీజన్ ఫైనల్ మళ్లీ గచ్చిబౌలిలోనే జరిగింది. పుణె, హరియాణా ఆడాయి, పుణె గెలిచింది. మన ఊళ్లో పెళ్లి, మనం మాత్రం పందిరి బయట.

ఇదంతా పతనం అనుకున్నాం. పతనమంటే ఏమిటో పక్క స్టేడియం చూపించింది.

మా సిగరెట్ అట్ట లెక్కల కుర్రాడికి కబడ్డీతో పాటు ఫుట్‌బాల్ పిచ్చి కూడా ఉంది. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు పసుపుపచ్చ జెర్సీ కొనుక్కున్నాడు. ఆ జట్టు రావడమే ఒకరి ఏడుపు మీద వచ్చింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె సిటీ జట్టు మూతపడితే ఆ జాగాలోకి వచ్చింది మనది. తొలి ఏడాది అట్టడుగు. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి 1-1 చేశాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. కప్పు మనది. టైటన్స్ అట్టడుగున పడి నెల అయిందో లేదో, ఈ కుర్రాడు ఊరంతా మిఠాయి పంచాడు. "కాకా, కూత ఇడిసిపెట్టు, బాల్ సూడు" అని ఎగతాళి చేశాడు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తేం కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1963లో రహీం పోయాడు. ఆ తర్వాత నగరం మెల్లమెల్లగా బంతిని మరిచిపోయింది. అందుకే 2022 కప్పు చూసి, పోయిన సొమ్ము ఇంటికొచ్చినట్టు సంబరపడ్డాం.

మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాత డబ్బుల గోల. జీతాలు ఆగాయి, పేరున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా ఆంక్ష పడింది. మిగిలిన కుర్రాళ్లతో 2023-24 సీజన్ నడిపారు. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, ఐదు డ్రాలు, పదహారు ఓటములు. పన్నెండు జట్లలో పన్నెండోది. రెండేళ్ల కింద కప్పెత్తిన జట్టు అది. కొత్త యజమానులు వచ్చి ఇంకొక సీజన్ లాగారు. 2025 అక్టోబర్‌లో ఆ జట్టు పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. సామాన్లు సర్దుకుని ఢిల్లీకి పోయింది.

ఆ వార్త వచ్చిన రాత్రి హోటల్లో పంచాయితీ జరగలేదు. జరగడానికి ఏముంది? కోచ్‌ను తిడదామంటే మనకు కోచ్ లేడు. డిఫెన్స్‌ను తిడదామంటే డిఫెన్స్ లేదు. ఎగతాళి చేసిన కుర్రాడు మూలన కూర్చున్నాడు. కాక అతని పక్కకు జరిగి, "మా ఊరు మునిగినప్పుడు గిట్లనే అయింది తమ్మీ. అందుల గొడవ పెట్టుకున్న పాలోడు గూడ యాదికొచ్చిండు" అన్నాడు.

జట్టు ఇలా ఊరు విడిచిపోని చోట్లూ ఉన్నాయి. ఐర్లండ్‌లో హర్లింగ్ అని ఒక ఆట ఉంది, కర్రతో చిన్న బంతిని కొడుతూ పరుగెత్తే ఆట. దానితో పాటు వాళ్ల సొంత ఫుట్‌బాల్ ఉంది. 1884లో పెట్టుకున్న సంఘం ఈ రెంటినీ నడుపుతుంది. ఒక్కొక్క కౌంటీకి ఒక జట్టు. ఆటగాళ్లకు జీతం లేదు, వేలం లేదు. ఎక్కువమంది తాము పుట్టి పెరిగిన కౌంటీకే ఆడతారు. మేయో కౌంటీ పురుషుల ఫుట్‌బాల్ జట్టు 1951లో కప్పు గెలిచింది. ఆ తర్వాత 1989 నుంచి 2021 దాకా పదకొండు ఫైనళ్లు ఓడింది. ఓడిన ప్రతిసారీ జనం ఇళ్లకొచ్చి తిట్టుకున్నారు, మళ్లీ ఏడాదికి తయారయ్యారు. ఆ జట్టును ఎవరూ వేరే ఊరికి అమ్ముకోలేరు. వాళ్ల తిట్లకు ఉన్న ధీమా అదే. మన జట్లకు ఆ పేగుబంధం లేదు. రాహుల్ బిజ్నోర్ నుంచి వచ్చాడు, కట్టిమని గోవా నుంచి వచ్చాడు. వాళ్లను మనవాళ్లుగా చేసుకున్నది మన తిట్లు, మన అరుపులే. యజమాని కాగితాల్లో ఆ బంధానికి చోటు లేదు.

టైటన్స్ మెల్లగా లేచారు. 2024లో పన్నెండు గెలుపులతో ఏడో స్థానం, 2025లో ప్లేఆఫ్ మెట్లెక్కి, ఫైనల్‌కు ఒక్క అడుగు ముందు పుణె చేతిలో ఓడిపోయారు. ఆ రాత్రి మా చాయ్ హోటల్‌కు మళ్లీ గిరాకీ. డిఫెన్స్ మళ్లీ తొందరపడిందని కాక నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాడు. ఆయన ముఖంలో మూడేళ్లుగా చూడని వెలుగు.

కుర్రాడు ఇప్పుడు ఆ పసుపు జెర్సీ వేసుకుని మక్క చేనుకు నీళ్లు కడతాడు. వీపు మీద అంకె సగం చెరిగిపోయింది. ఈ ఏడు తిట్టడానికి అతనికి ఫుట్‌బాల్ జట్టు లేదు.